కారులో నీళ్లు, ఇంట్లో లొల్లి

ప్రశ్న: హన్మకొండ నుంచి ఒక టీచరమ్మ రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతాను.

ఆమె పరకాల దగ్గర సర్కారు బడిలో పనిచేస్తారు. భర్త అక్కడే ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో లెక్కలు చూస్తారు. నిరుడు దసరాకు ఆడబిడ్డ భర్త తన పాత కారు అమ్ముతుంటే, తెలిసినవాళ్ల బండి కదా అని 3 లక్షల 40 వేలకు వీళ్లే తీసుకున్నారు. ఎనిమిది నెలలు ఏ ఇబ్బందీ లేదు. జూన్ చివర్లో వానలు మొదలైనప్పటి నుంచి ముందు ఎడమ సీటు దగ్గర, సరిగ్గా ఆమె కాళ్లు పెట్టుకునే చోట, మ్యాట్ తడిసిపోతోంది. సాయంత్రం తిరిగి వస్తూ గూడెప్పాడ్ దగ్గర హైవే మీదికి కుడివైపు తిరిగినప్పుడల్లా డ్యాష్‌బోర్డు వెనక బిందెలో నీళ్లు తొణికినట్టు చప్పుడు. ఆ వెంటనే చల్లటి నీళ్లు పాదాల మీద పడతాయి. ఏసీ మాత్రం బాగానే చల్లగా వస్తోంది. డోరు తీయగానే ఆరని బట్టల్లా ముక్కిన వాసన. ఏడేళ్ల బాబుకు కారెక్కితే దగ్గు.

ఒక మెకానిక్ "కూలింగ్ కాయిల్ లీకైంది, డ్యాష్‌బోర్డు మొత్తం దింపాలి, 16 వేలు అవుతది" అన్నాడట. ఇంకొకాయన మ్యాట్ ఎత్తి చూసి "ఇది 2023 వరదల్లో మునిగిన బండి కావచ్చు" అన్నాడట. కారు అమ్మిన బావగారి ఇల్లు ఆ వరద నీళ్లొచ్చిన నయీంనగర్ వైపే. ఆ మాట ఆమె భర్త మనసులో నాటుకుపోయింది. బోనాల నాడు అందరి ముందూ "మా బావనే మమ్మల్ని ముంచిండు" అనేశారు. ఆడబిడ్డ కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఫోన్లు లేవు. రాఖీకి ఇంకా రెండు వారాలుంది. "పైసలు వాపసు అడుగుదామని మా ఆయన అంటున్నారు. అడిగితే ఆడబిడ్డ ఇక మా గడప తొక్కదు. కాయిల్ మార్పించాలా, కారు అమ్మేయాలా, అన్నయ్యను నేనే అడగాలా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అని రాశారు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు ముక్కలు నాకు చాలా ధైర్యం ఇచ్చాయి. ఏసీ బాగా చల్లగా వస్తోందన్నారు. కుడివైపు తిరిగినప్పుడే కాళ్ల మీద నీళ్లు పడుతున్నాయన్నారు. ఈ రెండూ కలిపి చూస్తే, ఏసీ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపు మూసుకుపోయిందని నాకు అనిపిస్తోంది. అదే అయితే ఇది వందల్లో తేలిపోయే పని. వేలు పెట్టాల్సింది కాదు, చుట్టరికం తెంపుకోవాల్సింది అంతకన్నా కాదు.

ఎందుకు అలా అనుకుంటున్నానో చెబుతాను, మీవారికి కూడా చదివి వినిపించండి. చల్లటి నీళ్ల చెంబు బయట పెడితే దానికి చెమట పడుతుంది కదా. మీ డ్యాష్‌బోర్డు వెనక ఉన్న కూలింగ్ కాయిల్‌కు కూడా అలాగే పడుతుంది. ఆ కాయిల్ సున్నా డిగ్రీలకు కాస్త పైన ఉంటుంది. బ్లోయర్ అనే ఫ్యాను గాలిని దాని మీదుగా తోస్తుంది. గాలిలోని తేమ నీళ్లుగా మారి కాయిల్ కింద ఉన్న ప్లాస్టిక్ పెట్టెలోకి జారుతుంది. ఆ పెట్టె అడుగు నుంచి వేలెడు లావు రబ్బరు పైపు ఒకటి బయటికి వెళ్తుంది. ఏసీ వేసి ఆపిన కారు కింద నీళ్ల మడుగు కనిపిస్తుంది చూడండి, అది ఆ పైపు నుంచి వచ్చిందే. ఉక్కపోత ఎక్కువగా ఉన్న రోజు గంటకు లీటరు దాకా కూడా కారవచ్చు. పైపు మూసుకుపోతే ఆ నీళ్లకు వేరే దారి లేదు. పెట్టెలోనే నిండుతాయి. బండి కుడివైపు తిరిగితే లోపలి నీళ్లు ఎడమకు ఒరుగుతాయి, అంచు దాటి మీ కాళ్ల మీద పడతాయి. గూడెప్పాడ్ మలుపులో జరుగుతున్నది ఇదే. పరకాల నుంచి అక్కడిదాకా ఏసీ నడిచి పెట్టె నిండేసరికి మీకు ఆ కుడి మలుపు వస్తోంది.

మరి ఎండాకాలంలో అంత ఏసీ వాడినా ఏమీ కాలేదేం అని మీవారు అడగవచ్చు. మే నెలలో మన వరంగల్ గాలి పొడిగా, నిప్పులా ఉంటుంది, అందులో తేమ తక్కువ. పైపు సగం పూడుకున్నా ఆ కాసిని నీళ్లు మెల్లగా కారిపోతాయి. వానలు పడి గాలి బరువెక్కాక నీళ్లు ఎన్నో రెట్లు పెరుగుతాయి, సగం పూడిన పైపు తట్టుకోలేదు. అందుకే ఈ బాధ చాలామందికి వానకాలంలోనే బయటపడుతుంది, వాన నీళ్లే లోపలికి వచ్చాయని అనుకుంటారు.

కాయిల్ సంగతి గట్టిగానే చెప్పాలి. కూలింగ్ కాయిల్ లోపల తిరిగేది గ్యాస్, నీళ్లు కావు. కాయిల్ లీకైతే గ్యాస్ పోతుంది, గ్యాస్ పోతే చల్లదనం పోతుంది. మీకు చల్లదనం తగ్గలేదు. కాబట్టి కాళ్ల కింద నీళ్లు చూపించి కాయిల్ మార్చాలనడం కుదరదు. ఆ మెకానిక్ మోసం చేయాలని అన్నాడో, తెలియక అన్నాడో నేను చెప్పలేను. ఎవరైనా మళ్లీ కాయిల్ మాట ఎత్తితే "ప్రెషర్ పెట్టి లీకు ఎక్కడుందో చూపించండి, అప్పుడు డ్యాష్‌బోర్డు దింపుదాం" అనండి. పాత కారు డ్యాష్‌బోర్డు ఒకసారి దింపితే క్లిప్పులు విరుగుతాయి, వైర్లు కదులుతాయి, ఆ తర్వాత ప్రతి గుంతలోనూ గడగడమంటుంది. అవసరం తేలకుండా ఆ పనికి ఒప్పుకోవద్దు.

ఇక వరద మాట. మీవారి అనుమానాన్ని నేను కొట్టిపారేయను. 2023 జూలై చివరి వారం మన జిల్లాల్లో ఎవరు మర్చిపోతారు? ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి ఊరికి ఊరే నీళ్లలో మునిగింది. ఇక్కడ నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఆ రోజుల్లో మునిగిన బండ్లు చాలా చేతులు మారి ఉంటాయి. నయీంనగర్ కారు అనగానే మీవారికి బుగులు పుట్టడం సహజం. కానీ అనుమానం వేరు, గుర్తు వేరు. మునిగిన బండి గుర్తులు పూర్తిగా దాచడం కష్టం. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ మట్టి గీత ఉండవచ్చు. సీట్ల కింది పట్టాల బోల్టులు, వెనక స్టెప్నీ పెట్టే గుంత, డిక్కీ మూలలు టార్చి వేసి చూడండి. వరద బురద పౌడరులా మెత్తగా ఉంటుంది, ఎంత కడిగినా మూలల్లో మిగులుతుంది. ఆ నెలల్లో ఇన్సూరెన్స్ క్లెయిమ్ అయిందేమో కూడా కనుక్కోవచ్చు. వరదలో మునిగిన కారైతే నాలుగు మూలలా తుప్పు, తడి మరకలు కనిపించాలి. మీకు తడుస్తున్నది ఒక్క మూలే. పైగా వరద నీళ్లు ఇన్నేళ్ల తర్వాత కాళ్ల మీద చల్లగా పడవు కదా.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కింద కరీంనగర్ పోతూ హుజూరాబాద్ ఇంకా రాకముందే నా కారులో ఇలాగే అయింది. బ్రేకు వేయగానే పక్క సీట్లో మా ఆవిడ కాళ్ల మీద నీళ్లు పడ్డాయి. రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఒక కుర్రాడు కారును ర్యాంపు మీదికి ఎక్కించి నన్ను కిందికి పిలిచాడు. ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడలోంచి నల్లటి రబ్బరు ముక్క ఒకటి బయటికి వంగి ఉంది. దాని నోట్లో ఎర్రమట్టి బిగుసుకుపోయి కనిపించింది. మట్టి గూడు కట్టే కందిరీగ లోపల కాపురం పెట్టింది. కుర్రాడు పాత సైకిల్ బ్రేకు తీగను చివర గుండ్రంగా మడిచి, పైపులో రెండంగుళాలు పెట్టి మెల్లగా తిప్పాడు. మట్టి పెళ్లలు రాలాయి. రెండు క్షణాలు ఏమీ లేదు. ఆ తర్వాత టీ డికాషన్ రంగులో చల్లటి నీళ్లు ధారగా వచ్చి అతని మోచేతి మీదుగా కారాయి. ఒక లీటరు సీసా నిండేదేమో. అతను తీసుకున్నది వంద రూపాయలు.

మీ కారు పైపులో ఏముందో తీసి చూస్తేనే తెలుస్తుంది. కానీ ఉత్తరం చదువుతుంటే నాకొక ఆలోచన వచ్చింది. మీవారు పనిచేసేది జిన్నింగ్ మిల్లులో. కారు పొద్దంతా అక్కడే నిలబడుతుంది. మీరు బండి కొన్నది దసరాకు, పత్తి సీజన్ మొదలయ్యేది కూడా అప్పుడే. చలికాలమంతా గాలిలో ఎగిరే ఆ దూది పోగులు బ్లోయర్ లాగిన గాలితోపాటు లోపలికి పోయి, తడి కాయిల్‌కు అంటుకుని, దుమ్ముతో కలిసి ముద్దగా మారి పైపు నోట్లో కూర్చుని ఉండవచ్చు. గ్లోవ్ బాక్స్ వెనక ఏసీ ఫిల్టర్ ఉంటే తీసి చూడండి. దాని మీద దూది పేరుకుని ఉంటే ఈ పూడిక మీ దగ్గరికి వచ్చాకే మొదలైందని అర్థం. కొన్ని పాత మోడళ్లలో ఆ ఫిల్టరే ఉండదు, అప్పుడు దూదికి అడ్డే లేదు. మీ అన్నయ్యగారికి ఈ విషయంలో తెలిసి దాచడానికి ఏమీ లేకపోయి ఉండవచ్చు.

ఖాయం చేసుకోవడానికి ఒక వాన లేని రోజు చాలు. తడి మ్యాట్ తీసి బయట ఎండేయండి. కింద తడి పీల్చుకునే పాత న్యూస్‌పేపర్లు పరచండి. కారును చదునైన చోట నిలిపి, ఏసీ ఫుల్లుగా పెట్టి ఇరవై నిమిషాలు ఇంజన్ నడపండి, మూసిన గ్యారేజీలో మాత్రం వద్దు. తర్వాత కారు కింద చూడండి. ఈ వానకాలంలో ఏసీ అంతసేపు నడిచినా కింద చుక్క నీళ్లు లేకపోతే పైపు మూసుకుపోయినట్టే. కింద నీళ్లు బాగా పడి, లోపల పేపర్ కూడా తడిస్తే, పైపు లోపలి వైపు ఊడి ఉండవచ్చు, తిరిగి బిగిస్తే సరిపోతుంది. ఏసీ వేసిన రోజు పొడిగా ఉండి వాన పడ్డ రోజే తడిస్తే అది వేరే కథ. ముందు అద్దం కింద వైపర్ల దగ్గరి జాలీలో వేపాకులు, కానుగాకులు పేరుకుని వాన నీళ్లు లోపలికి దిగుతుంటాయి. ఏసీ ఆపి, అక్కడ మగ్గుతో నీళ్లు పోసి చూస్తే తెలిసిపోతుంది. నీళ్లు రంగుగా, జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే మాత్రం అది ఇంజన్ కూలెంట్. హీటర్ వైపు లీకు ఉన్నట్టు. అప్పుడు బండి నడపకుండా వర్క్‌షాపుకు చూపించాలి. మీరు రాసిన దాన్ని బట్టి ఆ సూచనలు లేవు.

పైపు అని తేలితే ఏం చేయాలన్నది మీ వీలును బట్టి ఉంటుంది. మీవారికి చేతిపని వచ్చంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. అయితే ఉత్త జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి తల పెట్టొద్దని నా తరఫున ఒట్టు వేయించుకోండి. ఇటుకలు పేర్చడం కూడా వద్దు. వాటర్ వాషింగ్ చేసే చోట ర్యాంపు ఉంటుంది, అక్కడ అడిగితే పది నిమిషాలు చూసుకోనిస్తారు. ఇంజన్ చల్లబడ్డాకే చేయి పెట్టాలి, సైలెన్సర్ పైపు పక్కనే ఉంటుంది. తీగ మెత్తగా వంగేది కావాలి, గడ్డి కోసే మిషన్ నైలాన్ దారం అన్నిటికన్నా మంచిది. ఎంత లోతుకు పోతే అంత బాగా పోతుందని ఇనుప చువ్వ లోపలికి తోస్తే నిజంగానే కూలింగ్ కాయిల్‌కు చిల్లు పడుతుంది, అప్పుడు ఆ 16 వేల మాట నిజమవుతుంది. నీళ్లు లాగే వ్యాక్యూమ్ దొరికితే కింది నుంచి పీల్చడం ఇంకా సురక్షితం.

టైరు షాపులో గాలి కొట్టిద్దామని ఎవరైనా అంటారు. వద్దనను, కానీ జాగ్రత్త. కింది నుంచి గట్టిగా గాలి కొడితే పెట్టెలోని మురికి నీళ్లన్నీ పైకి ఎగిరి బ్లోయర్ మోటారు మీద పడవచ్చు, లోపలి పైపు జాయింటు ఊడవచ్చు. ముందు తీగతో నీళ్లు దింపి, చివర్లో తక్కువ ఒత్తిడితో ఒక్కసారి ఊదితే చాలు. నీళ్లు పోవాలని ఫ్లోరుకు రంధ్రం కొడతామనే వాళ్ల దగ్గరికి పోకండి.

ఏసీ పనిచేసే షాపుకు తీసుకుపోతే "కారులో నీళ్లు పడుతున్నాయి, ఏంటో చూడండి" అనకండి. "డ్రెయిన్ పైపు క్లీన్ చేయండి, వేరే ఏదీ విప్పొద్దు" అని అడగండి. అడిగే మాటను బట్టే బిల్లు ఉంటుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇంకాస్త ఎక్కువ అవుతుంది. అక్కడ ఒక లాభం ఉంది, ఏం చేశారో కాగితం మీద రాసిస్తారు. ఇంట్లో ఇంత మాట పట్టింపు వచ్చాక ఆ కాగితం మీకు అక్కరకు రావచ్చు. నా మట్టుకు నేనైతే మీ పరిస్థితిలో ఆ నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టి అక్కడికే వెళ్తాను.

ఏమీ చేయకుండా ఏసీ ఆపేసి, సెంటు సీసా పెట్టుకుని నడిపించడమూ ఒక దారే, చాలామంది అదే చేస్తారు. నేను మాత్రం వద్దంటాను. మీరు చూస్తున్నది పైన ఉన్న మ్యాట్ తడి మాత్రమే. దాని కింద మందపాటి ఫోమ్ ఉంటుంది, అది స్పాంజిలా నీళ్లు పట్టి వారాల తరబడి ఆరదు. అక్కడే బూజు పడుతుంది, ఫ్లోరు తుప్పు పడుతుంది, వైర్ల జాయింట్లు పాడవుతాయి. బాబు దగ్గుకు ఆ బూజే కారణమని నేను తేల్చి చెప్పలేను, కానీ కారెక్కితేనే దగ్గు వస్తోందన్నారు. డాక్టరుకు చూపించి ఈ సంగతి తప్పక చెప్పండి. కారు పూర్తిగా ఆరేదాకా వాడిని అందులో ఎక్కించకండి, బడికి ఆటోలో పంపండి.

అమ్మేస్తే ఎలా ఉంటుందన్నారు. ఈ వాసనతో, ఈ తడితో అమ్మితే కొనేవాడు కూడా వరద బండి అనే అంటాడు, సగం ధర చెబుతాడు. బాగు చేయించి, ఆరబెట్టాక అమ్మాలనిపిస్తే అప్పుడు చూసుకోండి.

ఇక మనుషుల సంగతి. మీ బాధంతా ఇక్కడే ఉందని తెలుసు. పైసలు వాపసు అడగడం మీవారి హక్కు కాదని నేను అనను. సీటు బెల్టు మీద మట్టి గీత కనిపిస్తే, స్టెప్నీ గుంతలో బురద దొరికితే, ఆ ఫొటోలు పెట్టుకుని బావగారితో నెమ్మదిగా, ఇద్దరే కూర్చుని మాట్లాడాలి. అప్పుడు ధర తగ్గించి కొంత వాపసు ఇమ్మనడం న్యాయమే. ఏమీ దొరక్కపోతే అడగడానికి మీ దగ్గర ఏమీ లేదు. ఏమీ లేకుండా అడిగితే 3 లక్షల 40 వేల లెక్క పక్కకు పోయి, "మమ్మల్ని దొంగలన్నరు" అనే మాట ఒక్కటే మిగులుతుంది. అందుకే పైసలు అడిగే ఆ ఫోన్ ఈ పరీక్షలు అయ్యేదాకా ఆపించండి. ఒక్క ఆదివారం ఆగమంటే మీవారు కాదనరు.

అన్నయ్యగారిని మీరు నిలదీయకండి. కావాలంటే ఒక మాట అడగండి: "అన్నయ్యా, నిరుటి వానకాలంలో మీ దగ్గర ఉన్నప్పుడు లోపల ఎప్పుడైనా నీళ్లు పడ్డాయా?" ఇది తప్పు పట్టే ప్రశ్న కాదు, బండి గురించి తెలుసుకునే ప్రశ్న. పడ్డాయంటే పైపు పాత నుంచే బాధ పెడుతోందని తెలుస్తుంది, మెకానిక్‌కూ పనికొస్తుంది. పడలేదంటే దూది లెక్క ఇంకా బలపడుతుంది.

పైపులోంచి దూదో మట్టో వచ్చిందనుకోండి, బోనాల నాటి మాటకు మీవారే సమాధానం చెప్పుకోవాలి. మీరు మధ్యలో ఉండి ఇద్దరికీ సర్ది చెప్పే పని నెత్తిన వేసుకోకండి. అన్నది ఆయన, పడ్డది వాళ్లక్క. మీరు వెళ్లి చెబితే "వాడు రాలేదా?" అంటారు. రాఖీ దాకా ఆగి, ఆమె వస్తుందా రాదా అని ఎదురు చూడటం ఇంకా తప్పు. అంతకు ముందే ఆయన నయీంనగర్ వెళ్లాలి. పైపులోంచి వచ్చిన ఆ ముద్దను ఒక కవర్లో పెట్టుకుని పోయి "అక్కా, ఇది మా మిల్లు దూది. నోరు జారిన" అంటే చాలు. బావగారి ముందు కూడా అదే మాట అనాలి, ఎందుకంటే ఆ మాట అన్నది ఆయన్నే. నలుగురి ముందు అన్న మాట కాబట్టి, ఆ నలుగురిలో ఇంటి పెద్ద ఎవరున్నారో వాళ్లకూ ఒక ఫోన్ చేసి చెబితే ఇంకా మంచిది.

పైపు సాఫైన రోజే పని అయిపోయిందనుకోకండి. ఎడమ సీటు దగ్గరి మ్యాటింగ్ ఎత్తించి, కింద కర్ర ముక్క పెట్టి ఫోమ్‌కు గాలి తగిలేలా ఉంచండి. సీటు మొత్తం విప్పాల్సి వస్తే మెకానిక్‌తోనే చేయించండి, కింద ఎయిర్‌బ్యాగ్ వైర్లు ఉండవచ్చు, బ్యాటరీ తీశాకే ముట్టాలి. ఎండ వచ్చిన పూట నాలుగు డోర్లూ తీసి పెట్టండి, ఎండ లేకపోతే టేబుల్ ఫ్యాన్ పెట్టండి. మూడు నాలుగు రోజులు పట్టవచ్చు. ఏసీ ఫిల్టర్ కొత్తది వేయించండి, మిల్లు దగ్గర పార్కింగ్ కాబట్టి పత్తి సీజన్ అయిపోగానే ప్రతి ఏడూ మార్పించండి. రోజూ ఇల్లు చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం నడవనిస్తే కాయిల్ ఆరుతుంది, ఆ ముక్కిన వాసన మళ్లీ పట్టదు. మ్యాటింగ్ తిరిగి వేసే ముందు రాత్రి ఫోమ్ కింద ఒక న్యూస్‌పేపర్ దోపి, తెల్లారి తీసి చేత్తో పట్టుకుని చూడండి. కొంచెం మెత్తగా అనిపించినా ఇంకో రోజు ఆగండి.